సంతకాల బాబాయి మూసేసిన ఫైలు

ప్రశ్న తెర మీద ఉంది. ‘ఈ ఫైళ్ళు తెరవమని ఈ ఉద్యోగికి మీరు చెప్పారా?’ దాని కింద రెండు గళ్ళు, అవును అని ఒకటి, లేదు అని ఒకటి. పరిశోధన చేస్తున్న డాక్టరమ్మ ‘లేదు’ అన్న గడి నొక్కి, కింద తన ఎలక్ట్రానిక్ సంతకం పెట్టింది. ప్రశ్న తెరవడానికీ సంతకం పడడానికీ మధ్య తొమ్మిది సెకన్లు.

ఎన్ని సెకన్లో ఆయనకు తెలియడంలో వింతేమీ లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ పిల్లల ఆసుపత్రిలో సంతకాలు పడ్డాయో లేదో చూసిన మనిషి ఆయనే. విచారణ కాగితం చేతికిస్తే ఎవరైనా ముందు శిక్ష ఏమిటో చదువుకుంటారు. ఆయన అడుగున చీమ అక్షరాల్లో ఉన్న సమయం చదివాడు. తొమ్మిది సెకన్లంటే కుర్చీ సర్దుకుని కూర్చోవడానికి సరిపోతాయి. ఆవిడ గుటక కూడా మింగి ఉండదు.

శిక్ష మూడు ముక్కల్లో ఉంది. కంప్యూటర్లో ఆయన ప్రవేశం రద్దు. రికార్డుల గది నుంచి బదిలీ. మిగిలిన ఉద్యోగకాలం ఆసుపత్రి వెనక ఉన్న పాత కాగితాల గోదాములో. తనకు సంబంధం లేని పిల్లల ఫైళ్ళు రెండువందల పన్నెండుసార్లు అనుమతి లేకుండా తెరిచి చూశాడన్నది నేరం. చూసిన మాట నిజమే. చూడమని చెప్పిన మనిషి మాత్రం కాగితంలో లేదు.

ఆయన అసలు పేరు ఆసుపత్రిలో ఎవరూ పలకరు. నర్సుల దగ్గర్నుంచి తోటమాలి దాకా అందరికీ సంతకాల బాబాయి. అక్కడ ప్రతి పిల్లవాడి ఫైలూ కంప్యూటర్లో గది నుంచి గదికి వెళుతుంది. జ్వరాల గదిలో డాక్టరు చూసి సంతకం నొక్కితేనే చర్మం గదిలో తెరుచుకుంటుంది, అక్కడ నొక్కితేనే ఆ తర్వాతి గదిలో. ఎక్కడ సంతకం ఆగిందో ఆ వరుస పొద్దున్నే ఎర్రగా కనిపిస్తుంది. ఆ ఎర్ర జాబితా పట్టుకుని డాక్టర్ల వెంటపడి నొక్కించుకు రావడం ఆయన ఉద్యోగం. వాళ్ళు చేతులు కడుక్కునే చోట, మెట్ల మీద, కారు తలుపు దగ్గర, ఎక్కడ దొరికితే అక్కడ ట్యాబ్ పట్టుకుని నిలబడేవాడు.

“బాబాయ్, నిన్ను చూస్తే మా ఆవిడ గుర్తొస్తుందయ్యా. అడగడం తనూ మానదు, నువ్వూ మానవు,” అనేవాడు ఎముకల డాక్టరు.

“ఆవిడ ఏమడుగుతారో నాకు తెలీదు సార్. నేనడిగేది ఒక్క సంతకం.”

అందరూ నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు, కుడిచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. ఆ అలవాటు మర్యాద అనుకునేవాళ్ళు కొత్తవాళ్ళు. ఆయన నోట్లో మొత్తం తొమ్మిది పళ్ళున్నాయి. పైన ముందున్న రెండూ పెన్సిల్ చెక్కినట్టు కూసుగా ఉంటాయి.

పళ్ళ సంగతి చెయ్యి అడ్డం పెడితే దాగుతుంది. రెండో సంగతి దాచడం కష్టం. ఆయనకు చెమట పట్టదు. పుట్టాక ఒక్కనాడూ పట్టలేదు. ఎండలో పది నిమిషాలు నడిస్తే ఒళ్ళు పెనంలా కాలిపోతుంది, కళ్ళు బైర్లు కమ్ముతాయి. చిన్నప్పుడు ఎండలు మొదలైన రోజే జ్వరం వచ్చేది, వానలు పడిన రోజే పోయేది. వాళ్ళమ్మ ఎత్తుకుని ఆసుపత్రులన్నీ కాళ్ళరిగేలా తిరిగింది. జ్వరాల డాక్టరు మందు రాశాడు. చర్మం డాక్టరు ఒళ్ళు పొడిగా ఉంది, నూనె రాయమన్నాడు. పళ్ళ డాక్టరు కొందరికి ఆలస్యంగా వస్తాయి, చూద్దాం అన్నాడు. మళ్ళీ ఎండలు, మళ్ళీ జ్వరాల గది. ఎవరి గదిలో వాళ్ళు చెప్పింది తప్పు కాదు. మూడు గదుల్లో చెప్పిన మూడు మాటలూ ఒక్కచోట పెట్టి చూసే గది మాత్రం ఎక్కడా లేదు.

చివరికి ఉపాయం కనిపెట్టింది వాళ్ళమ్మే. నూలు చొక్కా తడిపి, సగం పిండి, ఒంటికి తొడిగేది. ఆరితే మళ్ళీ తడిపేది. బళ్ళో పంపు దగ్గర వాడే తడుపుకునేవాడు. బెంచీ మీద వాడి పక్కన కూర్చుంటే తడి అంటుకుంటుందని ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. ‘తడిచొక్కా’ అని పేరు పడింది. అమ్మ పోయి ఇరవై ఏళ్ళయినా ఆదివారం ఫోన్లో అక్కది ఇంకా అదే పిలుపు.

“ఒరేయ్ తడిచొక్కా, తిన్నావా?”

“తిన్నానక్కా.”

“ఏం తిన్నావని అడిగితే చెప్పలేవు. ఒంటికాయ శొంఠికొమ్ములా ఎన్నాళ్ళురా అలా? ఇక్కడికొచ్చి పడుండొచ్చుగా.”

“మీ ఇంటిమీద రేకులే కదక్కా. ఉడికిపోతాను.”

ఆవిడ నవ్వేది, ఆయన నవ్వేవాడు. ఫోన్ పెట్టేశాక గదిలో బక్కెట్లో చుక్క పడే చప్పుడు మాత్రం వినిపించేది. ఆయనది ఎండ తగలని కింది గది. ఒక మంచం, రెండు బక్కెట్లు, దండెం మీద ఎప్పుడూ తడిగా ఉండే మూడు చొక్కాలు. ఇంటికి పిలవదగ్గ గది కాదని ఎవర్నీ పిలవలేదు. పిలవక పిలవక, పిలిస్తే రాగలవాళ్ళు కూడా తగ్గిపోయారు.

ఒకప్పుడు ఒకావిడ ఉండేది. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో టైపు చేసే అమ్మాయి, ఒకే బల్లకి అటూ ఇటూ రెండేళ్ళు కూర్చున్నారు. టిఫిన్ డబ్బా మూతలో సగం ఇటు తోసేది. ఒక ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయింది. ఇక ఆగలేక ఆయన పంపు దగ్గరికి పోయి చొక్కా తడిపి తొడుక్కుని వచ్చాడు. బల్ల మీద నీళ్ళు కారాయి. ఆ అమ్మాయి నవ్వలేదు. కాగితాలు పక్కకి జరిపి, “మీకేమైనా జబ్బా?” అని మెల్లగా అడిగింది. చెప్పడానికి ఒక పేరుంటే ఆ రోజే చెప్పేసి ఉండేవాడు. పేరు లేని జబ్బుని ఏమని చెప్పాలి? “అబ్బే, ఏం లేదండీ,” అన్నాడు. అబద్ధమని ఆ అమ్మాయికి తెలిసిపోయింది. ఇంకెప్పుడూ అడగలేదు, మూత కూడా ఇటు తోయలేదు. తర్వాత ఎటో బదిలీ అయి వెళ్ళిపోయింది.

కాగితాలు పోయి కంప్యూటర్లు వచ్చాక, ఎర్ర జాబితా చూసీ చూసీ ఆయనకొక విద్య అబ్బింది. ఫైలు తెరవకుండానే, ఏ గదిలో ఎప్పుడు సంతకం పడిందో ఆ వరుస చూస్తే లోపల ఏముందో చెప్పగలిగేవాడు. దాన్ని నడక అనేవాడు. ఇది చెయ్యి విరిగిన పిల్లవాడి నడక, ఇది ఉబ్బసం నడక. ఒక రోజు ఒక ఫైలు నడక చూసి కుర్చీలో వెనక్కి జారగిలబడ్డాడు. ఎండలు మొదలవగానే జ్వరాల గది. వారానికి చర్మం. నెలకి పళ్ళు. వానల్లో ఏమీ లేదు. మళ్ళీ ఎండలు, మళ్ళీ జ్వరాలు. అది ఆయన నడకే. అద్దంలో చూసుకున్నట్టు ఉంది.

వెతికితే రెండోది దొరికింది, ఆ తర్వాత మూడోది.

ఆ రోజుల్లోనే ఆ డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు, గబగబా నడుస్తుంది, తినేటప్పుడు కూడా చదువుతుంది. అరుదైన జబ్బులున్న పిల్లల్ని కంప్యూటర్ ద్వారా ముందుగా పట్టుకోవచ్చా అని ఆవిడ పరిశోధన. ఏడాదిగా ఏదీ తేలక తల పట్టుకుని కూర్చుంది. సంతకానికి వెళ్ళిన బాబాయి చీటీ మీద రాసుకున్న మూడు నంబర్లు ఆవిడ ముందు పెట్టాడు.

“అమ్మా, ఈ మూడు ఫైళ్ళ నడకా ఒకటే. ఈ పిల్లలకి చెమట పడుతుందేమో ఒకసారి అడగండి.”

“చెమటా? మీకెలా తెలుసు?”

ఆయన నోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీశాడు. పరాయి మనిషి ముందు ఆ పని చేయడం అదే మొదలు.

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. కుర్చీ జరిపి ఆయన్ని కూర్చోమంది. పలకాలంటే నాలుక మూడు మడతలు పడే పేరొకటి చెప్పింది. యాభై నాలుగేళ్ళ వయసులో తన జబ్బుకి పేరుందని ఆయనకు తెలిసింది. ఆ పేరు చీటీ మీద రాయించుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం గదిలో ఆ చీటీ చూస్తూ పైకి చదివాడు. వినడానికి ఎవరూ లేరు. అయినా మూడుసార్లు చదివాడు.

“ఇంకా ఉన్నారేమో చూడండి బాబాయిగారూ,” అంది ఆవిడ. “అనుమతి కాగితం రావడానికి నెలలు పడుతుంది, ఈలోపు ఎండలొచ్చేస్తాయి. మీ పేరు కూడా వ్యాసంలో వేస్తాను, నాదీ పూచీ.”

ఆయన చూశాడు. రోజూ పని అయ్యాక గంటసేపు చూశాడు. ముగ్గురు పదకొండుమంది అయ్యారు. తెరిచిన ప్రతి ఫైలు మీదా ఎవరు తెరిచారో కంప్యూటర్ రాసుకుంటుందని ఆయనకి తెలియనిదా? తెలుసు. పూచీ పడ్డ మనిషి ఉందని ధైర్యం. ఆ లెక్క బయటపడి ఆసుపత్రి పెద్ద డాక్టరు విచారణ వేసిన రోజు, అవునంటే ఆవిడ పరిశోధన మొత్తం చెత్తబుట్టలోకి పోయేది. అందుకని తొమ్మిది సెకన్లలో ‘లేదు’ అంది. చదువుకున్నవాళ్ళకి లేదు అనడం చాలా తొందరగా వస్తుంది.

గోదాముకి రేకుల కప్పు. ఏ రేకులకి భయపడి అక్క ఇంటికి పోలేదో, ఆ రేకుల కిందే ఆయన్ని కూర్చోబెట్టారు. ఆ సంగతి ఎవరికైనా చెప్పుకోవచ్చు. చెప్పాలంటే జబ్బు గురించి చెప్పాలి, అది చెబితే ఫైళ్ళెందుకు చూశాడో చెప్పాలి, అప్పుడు డాక్టరమ్మ పేరు ఎత్తాలి. ఆయన పెదవి విప్పలేదు. రెండు బక్కెట్లు తెచ్చుకున్నాడు. చుట్టూ ఎప్పుడో పెద్దవాళ్ళైపోయిన పిల్లల కాగితాల కట్టలు, మధ్యలో తడిచొక్కాతో ఆయన. తడి చేత్తో ముట్టుకుంటే సిరా అలుక్కుపోతుందని కట్టలకి దూరంగా గుమ్మంలో కూర్చునేవాడు. అటు మనిషి రాడు. రోజుకొకసారి ఊడ్చే ఆయా వస్తే అదే పండగ.

“ఏం బాబాయ్, స్నానం ఇక్కడే కానిస్తున్నావా?” అనేది చీపురు కింద పెట్టి.

“అద్దె లేదుగా, అందుకని.”

“నీ లోకంలో నువ్వుంటావు. అటు చూడు, నీ డాక్టరమ్మ బొమ్మ గోడకెక్కింది.”

ఎక్కిన మాట నిజమే. మధ్యాహ్నం నీడ చూసుకుని వెళ్ళి చూశాడు. ముందు హాల్లో రంగుల అట్ట అంటించారు. ‘సంతకాల వరుస ఆధారంగా అరుదైన జబ్బు గుర్తింపు. పదకొండుమంది చిన్నారులకు కొత్త జీవితం.’ డాక్టరమ్మ, పెద్ద డాక్టరు, ఇంకో ఆరుగురి ఫోటోలు. పేర్లన్నీ చదివాడు. కింద ముద్రించినవాళ్ళ పేరు కూడా ఉంది.

ఆ రోజు ఆయనకు కోపం వచ్చింది. విచారణ రోజు రాని కోపం, రేకుల కింద రాని కోపం, ఆ అట్ట ముందు వచ్చింది. అర్జీ రాయాలనుకున్నాడు. ఎవరు ఎవరికి చెప్పారో, ఏ తారీఖున ఏ నంబరు ఇచ్చాడో, అన్నీ వివరంగా. రుజువులు ఆయన దగ్గరున్నాయి. ఎర్ర జాబితా పట్టుకుని తిరిగిన రోజుల్లో జేబులో ఎప్పుడూ చిన్న డైరీ ఉండేది. ఎవర్ని ఏ గదిలో పట్టుకోవాలో, ఎవరు ఏం సాకు చెప్పారో గీకి పెట్టుకునేవాడు. అలాంటివి ఎనిమిది డైరీలు. గోదాము గుమ్మంలో కూర్చుని, చేతులు తుడుచుకుని, ఒక్కొక్కటే తిరగేయడం మొదలుపెట్టాడు.

అర్జీ రెండు పేజీలు నడిచింది. మూడో రోజు ఒక పాత డైరీలో, రెండేళ్ళనాటి ఎండాకాలం పేజీలో, ఆయన వేలు ఆగిపోయింది.

ఒక నంబరు. పక్కన తన రాతే. ‘జ్వరాలు, అయింది. చర్మం, అయింది. పళ్ళు, డాక్టరు సెలవు. తల్లి బెంచీ మీద ఉంది. పిల్లాడి నెత్తిన తడిగుడ్డ.’ దాని కింద ఇంకో మాట. ‘నెలాఖరు. మూసేశాను.’

నెలాఖరుకి ఎర్ర జాబితా ఖాళీగా ఉండాలని పెద్ద డాక్టరు పట్టుదల. ఎక్కడ సంతకం దొరకదో ఆ ఫైలు మీద ‘రోగి రాలేదు’ అని నొక్కితే ఎరుపు పోతుంది. తప్పని అందరికీ తెలుసు, అందరూ చేసేవాళ్ళే. ఆ రోజు ఆయన నలభై నొక్కాడు. నొక్కగానే ఆ తల్లి ఫోన్‌కి దానంతటదే ఒక సందేశం వెళుతుంది, మీరు హాజరు కానందున మీ చీటీ రద్దయింది అని.

ఆ తల్లి వచ్చింది. ఇప్పుడు ఆయనకు మొత్తం కళ్ళకు కట్టింది. పిల్లవాణ్ణి చంకన వేసుకుని రికార్డుల గది కిటికీ దగ్గర నిలబడి ఫోన్ చూపించింది.

“అన్నయ్యా, రాలేదని వచ్చింది. పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నానుగా. ఇదిగో, మీ కళ్ళముందే ఉన్నాను.”

“కంప్యూటర్ అలా చెప్తోందమ్మా. కొత్త చీటీ తీసుకుని మొదట్నుంచి రండి.”

“మళ్ళీ జ్వరాల దగ్గర్నుంచా?”

“అంతేనమ్మా.”

తెర మీంచి కళ్ళెత్తకుండానే అన్నాడు. ఎత్తి ఉంటే చూసేవాడు. పిల్లవాడి చొక్కా తడిగా ఉంది. నెత్తిన గుడ్డ కింద జుట్టు తన జుట్టులాగే పల్చగా ఉంది. ఆ రెండూ ఆయనకు ఇప్పుడు కనిపిస్తున్నాయి. అప్పుడు చూపు తగిలే ఉంటుంది, మనసు పెట్టలేదు. ఆవిడ ఒక నిమిషం నిలబడి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

డాక్టరమ్మ కంప్యూటర్ మూడు సంతకాలూ ఉన్న నడకల్నే పట్టుకుంటుంది. ఈయన కూడా వెతికినప్పుడు మూడూ ఉన్నవే వెతికాడు. ఈ పన్నెండో నడక మధ్యలో తెగిపోయింది. తెంపింది ఆయనే. ఎండలు ఇంకో మూడు వారాల్లో మొదలవుతాయి.

అర్జీ కాగితాలు మడిచి బక్కెట్ కింద పెట్టేశాడు. ఆ తర్వాత వాటిని తీసింది ఆయా, చెత్తలోకి.

ముందు రికార్డుల గదికి వెళ్ళాడు. తన కుర్చీలో ఇప్పుడో కొత్త గుమాస్తా కూర్చుంటున్నాడు. పెళ్ళయి ఏడాది కాలేదు, భయస్తుడు.

“ఒక్క ఫైలు తెరిచి ఫోన్ నంబరు చెప్పు నాయనా. ఇదిగో నంబరు.”

“బాబాయ్, నేను తెరిస్తే నా పేరు పడుతుంది. నీ గతి చూశాక కూడానా?”

“ఒక పిల్లాడి ప్రాణం సంగతిరా.”

“నాకూ ఒక పిల్లాడు పుట్టబోతున్నాడు బాబాయ్. ఆ గోదాములో రెండో కుర్చీ పడుతుందో లేదో చూశావా ముందు?” అని నవ్వేసి, నవ్వు అతకక తెర వైపు తిరిగిపోయాడు. బాబాయికి వాడి మీద కోపం రాలేదు. వాడు కళ్ళెత్తకుండా మాట్లాడే తీరు ఎక్కడ నేర్చుకున్నాడో ఆయనకి తెలుసు.

తర్వాత పది రోజులు మధ్యాహ్నం తిండి మానేసి జ్వరాల గది ముందు బెంచీల మధ్య తిరిగాడు. నెత్తిన తడిగుడ్డ ఉన్న పిల్లవాడెవడైనా వస్తాడేమోనని. దగ్గే పిల్లలు, ఏడ్చే పిల్లలు, నిద్రపోయే పిల్లలు. తల్లులు ఈయన్ని అనుమానంగా చూసి బిడ్డల్ని దగ్గరికి లాక్కున్నారు. ఒకావిడ నర్సుని పిలిచింది. నర్సు వచ్చి, “ఏంటి బాబాయ్, ఇక్కడ మీకేం పని?” అని అడిగింది. ముప్ఫై ఏళ్ళలో ఆ మాట ఆ వరండాలో ఆయన్ని ఎవరూ అడగలేదు.

మిగిలింది ఒక్క తలుపు. దాన్ని తట్టకూడదనే పది రోజులు తిరిగాడు. పదకొండో రోజు సాయంత్రం నాలుగింటికి, ఉన్నవాటిలో ఆరిన చొక్కా చూసి తొడుక్కుని, డాక్టరమ్మ గది ముందు నిలబడ్డాడు. తలుపు మీద పేరు కొత్తగా రాయించారు.

ఆవిడ ఆయన్ని చూసి లేచి నిలబడింది.

“కూర్చోండి బాబాయిగారూ. మీరెందుకొచ్చారో నాకు తెలుసు.”

“తెలీదమ్మా.”

“నేను నిద్రపోయి ఎన్నాళ్ళయిందో... వచ్చే వ్యాసంలో మీ పేరు వేస్తాను. మొదటే వేస్తాను.”

“అది తర్వాతమ్మా.” డైరీ ఆవిడ ముందు తెరిచి పెట్టాడు. “పన్నెండో పిల్లాడున్నాడు. ముందు ఈ ఫైలు తెరవండి.”

ఆవిడ చదివింది. రెండుసార్లు చదివింది. కుర్చీలో కూర్చుని నంబరు కొట్టింది. ఫైలు తెరుచుకుంది. రెండు సంతకాలు, ఆ తర్వాత ‘రోగి రాలేదు’, కింద ఫోన్ నంబరు. ఫోన్ తీసి కలిపింది, ఆయనకు కూడా వినిపించేలా బల్ల మీద పెట్టింది. ఆరుసార్లు మోగాక ఎత్తారు.

“ఎవరండీ?”

ఆ గొంతు ఆయన గుర్తుపట్టాడు. డాక్టరమ్మ ఆసుపత్రి పేరు చెప్పి, బాబు ఎలా ఉన్నాడని అడిగింది. జవాబు వచ్చేదాకా బాబాయి బల్ల అంచు పట్టుకుని ఉన్నాడు.

“ఉన్నాడు,” అంది ఆ తల్లి. “రెండు ఎండాకాలాలు బక్కెట్లో కూర్చోబెట్టి కాపాడుకున్నాను. ఇప్పుడు గుర్తొచ్చామా?”

“వాడికి చెమట పడుతుందా అమ్మా?”

“పట్టదని అప్పుడే చెప్పాను. ఎవరు విన్నారు?”

“సోమవారం పొద్దున్నే తీసుకురండి. నేనే చూస్తాను.”

“తెస్తాను. ఇదివరకు వస్తే రాలేదని రాశారుగా. ఈసారి వస్తే వచ్చానని రాస్తారా?”

డాక్టరమ్మ రాస్తామంది. ఫోన్ పెట్టేసి, సోమవారం తారీఖు కొట్టి, నొక్కింది. ఫైలు ఒప్పుకోలేదు. మూసేసిన ఫైలు కదా. తెర మధ్యలో ఒక పెట్టె వచ్చింది. ‘ఈ ఫైలు మళ్ళీ ఎందుకు తెరుస్తున్నారు? మీకు ఎవరు చెప్పారు?’

ఆవిడ చేతులు మీటల మీద అలాగే ఉండిపోయాయి. ఈయన పేరు రాస్తే, ఈయనకూ తనకూ ఫైళ్ళ మాటలు నడుస్తాయని తన సంతకంతోనే ఒప్పుకున్నట్టు. వెనకటి ‘లేదు’ బయటపడుతుంది. రాయకపోతే ఫైలు తెరుచుకోదు. గోడ గడియారం చప్పుడు వినిపిస్తోంది. తొమ్మిది సెకన్లు దాటాయి, ముప్ఫై దాటాయి. ఆయనకి లెక్కపెట్టకుండా ఉండడం రాదు.

ఆ సాయంత్రం తర్వాత వాళ్ళిద్దరూ కలవలేదు. సోమవారం ఆ తల్లీ పిల్లవాడూ వచ్చి వెళ్ళారని ఆయా చెప్పగా విన్నాడు, గోదాము గుమ్మంలో కూర్చుని. వానాకాలం మొదట్లో ఉద్యోగం వదిలేసి, బక్కెట్లు ఆయాకి ఇచ్చేసి, వెళ్ళిపోయాడు. ఎక్కడికో ఎవరూ అడగలేదు.

ఆ సాయంత్రం ఆ గదిలో, పెట్టెలో ఏం రాయాలో ఆవిడ ఎటూ తేల్చుకోలేక నీళ్ళు నమలడం చూసి, ఆయనే లేచి బల్ల ఇవతల నిలబడ్డాడు.

“పిల్లాడు వచ్చాడు, అప్పటి గుమాస్తా ‘రోగి రాలేదు’ అని తప్పు రాశాడు. అలా కొట్టండమ్మా. మూసింది నా పేరు మీదే ఉంది, ఎవరు చెప్పారన్నచోట కూడా ఆ గుమాస్తానే వచ్చి తప్పు ఒప్పుకున్నాడని రాయండి. మీదాకా రాదు.”

“మీ మీద మళ్ళీ విచారణ వేస్తారు బాబాయిగారూ. ఒక్క మంచి పనికి మీ పేరు లేదు. తప్పు దగ్గర మాత్రం వేయమంటారా?”

ఆయన నవ్వాడు. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

“తప్పు నేను చేసిందే కదమ్మా. వేయనివ్వండి. నన్నడిగితే అవునని నేను నొక్కుతాను. మీరు మాత్రం సోమవారం ఆ తల్లిని బెంచీ మీద కూర్చోబెట్టకండి. వచ్చేటప్పుడు దారిలో ఎండగా ఉంటుంది, చొక్కా తడిపి తొడగమనండి. గట్టిగా పిండొద్దని చెప్పండి. సగమే పిండాలి.”